పదకొండో పాట

రెండు గంటల వార్తలు ఇంకా అవలేదు. డార్విన్‌లో ముప్పై ఒకటి, ఎండ, ఆగ్నేయపు గాలి అని చెబుతోంది రేడియో. నిన్న చెప్పిందే, మొన్న చెప్పిందే, జులై నెలంతా ఇదే చెబుతుంది. ఈ ఊళ్ళో వాతావరణం చెప్పే ఉద్యోగం నాకిస్తే ఏడాదికి రెండు రోజులు వెళ్ళొస్తాను, ఎండలకొక రోజు, వానలకొక రోజు అనేవాడు గిడియన్. సుగుణకుమారి చేతులు స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎన్ని మణికట్లు పట్టుకుని నాడి చూసిందో, ఇప్పుడు తన నాడి తనకే చెవుల్లో కొట్టుకుంటోంది. పక్క సీట్లో కూతురు ఎవా కాళ్ళు రెండూ డ్యాష్‌బోర్డు మీద పెట్టి కూర్చుంది, తియ్యమని చెప్పాలి, కానీ ఇవాళ ఊరుకుంది. పామర్‌స్టన్ ఇళ్ళు వెనక్కి పోయాయి. దక్షిణంగా హైవే తిన్నగా పడుకుని ఉంది, ఆలిస్ స్ప్రింగ్స్ దాకా పదిహేను వందల కిలోమీటర్లు, గిడియన్ పదేళ్ళు లారీ తోలిన దారి. వార్తలయ్యాక శనివారం కార్యక్రమం. వారానికొక ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినిపిస్తారు, దేశమంతా వినే కంట్రీ సంగీతం కార్యక్రమం. ఇవాళ్టి ఆల్బమ్ పేరు ‘నర్సాపురం టు ఆలిస్’. పాడింది ఆమె భర్త గిడియన్. వచ్చే సెప్టెంబరుకి అతను పోయి రెండేళ్ళు.

పదకొండు పాటల్లో పది ఆమెకి కంఠతా వచ్చు. పదకొండోది వినలేదు. ఆల్బమ్ బయటికొచ్చి ఎనిమిది రోజులైంది, ఆస్పత్రిలో వార్డు క్లర్కు విన్నది, ఇంటి ఎదురు ఫిలిప్పీన్స్ వాళ్ళు విన్నారు, ఆమె మటుకు పదో పాట అవగానే ఆపేసేది. అది అతను పోయిన రోజు పాడిన పాట. ఆ రోజు మధ్యాహ్నం, కేథరిన్ అనే ఊరు దాటాక, బండి పక్కకు తీసి పాడినది. ఎవా ఎంత బతిమాలినా వినలేదు. “రేడియోలో వేసినప్పుడు వింటాలే, అప్పుడు నేను ఆపలేను కదా” అని ఒక మాట అనేసింది, అన్నాక ఆ మాటే పట్టుకుంది అమ్మాయి. ఇప్పుడు అడిలైడ్ రివర్ ఊళ్ళో అతనితో లారీలు తోలిన డ్రైవర్లందరూ బార్బీ పెట్టుకుని, ఆరుబయట మాంసం కాల్చుకుంటూ కూడి వింటున్నారు, మీరిద్దరూ రండి అని పిలిచారు, రెండింటికల్లా అక్కడ ఉండాలి, కానీ సుగుణకుమారి ఆ చీర కాదని ఈ చీర, ఈ చీర కాదని చుడీదార్ అని గంట గడిపింది. కావాలనే చేసిందని ఎవాకి తెలుసు.  అంతమంది మధ్య వినడం కన్నా దారిలో వినడం నయం. దారిలో అయితే ఏడ్చినా రోడ్డు చూస్తున్నట్టే ఉంటుంది.

వార్తలు అయిపోయాయి. రేడియోలో ఆవిడ నర్సాపురాన్ని నార్సా పూరం చేసి పలికింది, ఎవా కళ్ళు తిప్పింది, ఆ వెంటనే ఇంజిను గురగుర, దాని మీద గిటారు, దాని మీద గిడియన్. ఎంత దగ్గరగా ఉందో ఆ గొంతు, సీట్ల మధ్యలోంచి తల ముందుకు పెట్టి పాడుతున్నట్టు. మొదటి పాట రొయ్యల లారీ పాట. ఇంగ్లీషులో మొదలెట్టి, ఒడిశా బోర్డరు దగ్గర తెలుగులోకి దిగిపోతుంది. ఐసు కరిగి కారుతుంటే రోడ్డు పొడుగునా తడి గీత, ఆ గీత చూసి మా అత్తారు నన్ను పట్టుకున్నారు అని నవ్వుతూ పాడతాడు. నిజమే, అలాగే పట్టుకున్నారు. భీమవరంలో నర్సింగు హాస్టలు ముందు రోజూ సాయంత్రం రొయ్యల వాసన వేసే లారీ ఆగితే ఎవరికి తెలియదు. నర్సు చదివిన పిల్ల లారీ డ్రైవర్ని చేసుకుంటుందా అని మేనమామ కంచం ముందు నుంచి లేచిపోయాడు. చర్చిలో పాటలు ఎత్తేవాడే, మంచి గొంతే, కానీ గొంతు అన్నం పెడుతుందా అన్నారు. ఆమె అతన్నే చేసుకుంది. పెళ్ళి రోజు ఫాదరుగారు ప్రార్థన చదువుతుంటే కూడా గిడియన్ సన్నగా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు, మోచేత్తో పొడిచింది, ఆగలేదు. దారి పక్కన తగలబెట్టిన గడ్డి నల్లగా, దాని మధ్యలో అప్పుడే మొలుస్తున్న పచ్చ, మనిషెత్తు చెదపుట్టలు, పొగ మీద తిరుగుతున్న గద్దలు. రెండో పాట మొదలైంది.

రెండోది డార్విన్ వచ్చిన కొత్త రోజుల మీద. ఆమె నర్సు వీసా మీద ముగ్గురూ దిగారు, ఎవాకి నాలుగేళ్ళు. ఆమెకి మర్నాటి నుంచే డ్యూటీ, అతనికి ఏమీ లేదు. ఒక హోటల్లో గిన్నెలు తోమాడు, బస్సులు కడిగాడు, ఒక్కో లైసెన్సే పరీక్ష రాసి, ఆఖరికి మూడు ట్రైలర్లు తగిలించిన రోడ్ ట్రెయిన్ తోలే లైసెన్సు తెచ్చుకున్నాడు. యాభై మీటర్ల పొడుగు బండి. కెవ్ అనే పెద్దాయన నేర్పాడు, ఎర్ర గడ్డం, చేతుల నిండా పచ్చబొట్లు, రోజుకు పది మాటలకి మించి మాట్లాడడు. ఆయన బండిలో ఎప్పుడూ కంట్రీ పాటలే. మొదటి వారం ఇంటికొచ్చి గిడియన్ ఏమన్నాడో ఆమెకి ఇప్పటికీ వినబడుతోంది. “సుగుణా, ఈ పాటలు అచ్చం మన పాటలేనే. ఇల్లు గుర్తొస్తాది, తాగుతాడు, దేవుణ్ణి తలుచుకుంటాడు, బండి తోలతాడు. ఇంకేం కావాలి మనిషికి?” సెకండ్ హ్యాండ్ గిటారు కొన్నాడు. మూడు నెలలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ తర్వాత ఒక రోజు వంటింట్లో చేపల పులుసు కలుపుతూ ఆమె గరిటె ఆపేసింది, ఎందుకంటే హాల్లోంచి వస్తున్నది రేడియో కాదు.

ఫోన్ కిణుక్కుమంది. ఎవా చూసి చదివింది. ఆనందరావు అంకుల్ పెట్టాడు, తెలుగు ఫెలోషిప్ పెద్ద. ‘ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, భోజనాలయ్యాయి, అందరం హాల్లో స్పీకరు పెట్టుకుని వింటున్నాం, నలభై మందిమి.’ సుగుణకుమారికి నవ్వొచ్చింది. ఈ ఆనందరావే కదా. శనివారం పబ్బులో పాడిన గొంతుతో ఆదివారం దేవుడి పాట ఎత్తడం బావుండలేదు గిడియన్ అని చర్చి మెట్ల మీద నలుగురి ముందూ అన్నాడు. గిడియన్ తల దించుకుని విని, “ఉన్నది ఒకటే గొంతు అంకుల్, రెండోది కొనుక్కుందామంటే ఎక్కడా దొరకలేదు” అన్నాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి అతన్ని పాడమనలేదు. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు, అందరికన్నా గట్టిగా. కోపం రాలేదా అని ఆమె అడిగితే కోపమెందుకు, శృతి తప్పి పాడుతున్నారు, నా చప్పట్లతోనన్నా నిలబెడదామని అన్నాడు. ఇప్పుడు ఆ హాల్లోనే ఆ నలభై మంది ముందు పబ్బు పాటే మోగుతోంది, నాలుగోది, బీరు నురగ మీద పాట. వింటున్నాడు ఆనందరావు. విననీ.

బండి నునామా అనే చిన్న ఊరు దాటింది. ఎదురుగా వస్తున్న రోడ్ ట్రెయిన్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పింది. ఎండలో లైట్లెందుకా అనుకుంది. తర్వాత ఇంకొకటి, అదీ అలాగే. “దే నో ద యూట్, అమ్మా,” అంది ఎవా. వెనక తొట్టి ఉన్న ఈ పాత తెల్ల బండి గిడియన్‌దని హైవే మీద తెలియనివాళ్ళు లేరు. అప్పుడు వినబడింది డ్యాష్‌బోర్డు కింద యూహెచ్ఎఫ్ రేడియో, లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే చిన్న పెట్టె, నలభయ్యో చానెల్. బరబరమని ఎవరో, గిడ్ వస్తున్నాడ్రా, తల్లీకూతుళ్ళు బండిలో ఉన్నారు, అందరూ మర్యాదగా మాట్లాడండి అని ఇంగ్లీషులో చెబుతున్నాడు. వాళ్ళకి అతను గిడ్. మొహం చూడని డ్రైవర్లకి కూడా ఆ గొంతు తెలుసు. బండి ఆపుకుని అన్నం తినేవేళ ఖాళీ చానెల్ ఒకటి చూసుకుని పాడేవాడట, పది పన్నెండు కిలోమీటర్ల మేర ఎవరుంటే వాళ్ళు వినేవాళ్ళు. ఒక డ్రైవరు చెప్పాడు సమాధి చేసిన రోజున, మీ ఆయన పాట అయ్యేదాకా మలుపు దగ్గర ఆగేవాణ్ణి, దాటితే వినబడదని.  అతను పోయిన రోజు కూడా బండి తిన్నగానే ఆపాడు. గుండె పట్టేసినా, పక్కకు తీసి, గీతల మధ్యలో నిలబెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిను ఆపి. యాభై మీటర్ల బండి, ఎవరికీ గీత కూడా పడలేదు. అది వచ్చి చెప్పింది కెవ్. ఆమెకి ఏడుపు రాలేదు అప్పుడు. నా మొగుడు బండి ఆపే చచ్చిపోయాడు అని ఒక రకమైన గర్వం వచ్చింది. ఆ గర్వం పట్టుకునే శవపేటిక దగ్గర నిలబడగలిగింది.

ఐదో పాట, ఆరో పాట. వాళ్ళ నాన్న ఫోన్‌లో అరవై నాలుగు పాటలున్నాయని కనుక్కున్నది ఎవా. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో సౌండ్ రికార్డింగు చదువుతోంది, ఒక సెమిస్టర్ మానేసి వచ్చేసింది, వాళ్ళ నాన్న గదిలో తలుపేసుకుని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది, బువ్వ తెచ్చి పెడితే తినేది, పెట్టకపోతే లేదు. అందులోంచి ఒక పాట నెట్‌లో పెడితే పది రోజుల్లో లక్షల మంది విన్నారు. అప్పుడొచ్చాడు సిడ్నీ కంపెనీ అతను, వీడియో కాల్‌లో, వెనక గోడ నిండా గిటార్లు. చాలా మంచిగా మాట్లాడాడు. ఆల్బమ్ వేద్దామన్నాడు. ఇంజిను చప్పుడు తీసేద్దామన్నాడు. తెలుగు ముక్కలు తగ్గిద్దామన్నాడు. ఆ యాస ఉంది చూశారా, దాన్ని కంప్యూటరుతో కొంచెం సాపు చేస్తే వినేవాళ్ళకి సుళువుగా ఉంటుందన్నాడు, ఆయన గొంతే ఉంటుంది, పలుకు మటుకు ఇక్కడిదవుతుంది, ఎవరికీ తెలియదు కూడా. ఎవా ముఖం చూసింది సుగుణకుమారి. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు, ఆల్బమ్ రావాలని ఎంత ఉందో ఆ కళ్ళలో. అయినా ఆమె నోరు విప్పింది, ఆస్పత్రిలో పేషెంటు బంధువులతో మాట్లాడే ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో మాటా. మా ఆయన నలభై తొమ్మిదేళ్ళు అలాగే పలికాడు. ఆ పలుకుతోనే నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, ఆ పలుకుతోనే మీ లైసెన్సు పరీక్ష ప్యాసయ్యాడు. ఇంజిను ఆయన శృతిపెట్టె. ఏదీ తియ్యను. కాల్ అయ్యాక అరగంట వంటింట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ నిలబడింది, పిల్ల నోటి దగ్గరది లాగేశానేమో అని. వెనక నుంచి ఎవా వచ్చి నడుం చుట్టూ చేతులు వేసి, “థాంక్యూ అమ్మా,” అంది. తర్వాత కెవ్ పరిచయంతో ఒక ముసలి గిటారిస్టు రేకుల షెడ్డులో ఉన్న స్టూడియో ఇచ్చాడు, ఎవా అక్కడే తొమ్మిది నెలలు కూర్చుంది. వాళ్ళ నాన్న గొంతు పక్కన ఆ ముసలాయన గిటారు పెట్టింది, అంతే, ఇంజిను అలాగే ఉంచింది. కొన్ని చోట్ల దగ్గు కూడా.

ఏడో పాట అయ్యాక రేడియో ఆవిడ పాటలు ఆపింది. సాధారణంగా మధ్యలో మాట్లాడను, కానీ ఇవాళ ఒక్క మాట చెప్పాలి అంది. ఈ వారం దేశంలో కంట్రీ ఆల్బమ్‌ల జాబితా ఇవాళే వచ్చిందట. మొదటి స్థానంలో ‘నర్సాపురం టు ఆలిస్’. ఈసారి నర్సాపురం సరిగ్గా పలికింది, ఎవరో ఫోన్ చేసి నేర్పినట్టున్నారు. సుగుణకుమారి వింది, అర్థమైంది, కానీ మాటలు గాజు వెనక నుంచి వస్తున్నట్టున్నాయి, మొదటి స్థానం, మొదటి, ఒకటి, రొయ్యల లారీ, గిన్నెలు తోమిన చేతులు, వెనక వరసలో చప్పట్లు, ఒకటి.

“నీకు ముందే తెలుసా?”

“పొద్దున్నే. ఐ వాంటెడ్ యు టు హియర్ ఇట్ ఫ్రమ్ హర్,” అంది ఎవా, కాళ్ళు కిందికి దించి, తల్లి మోకాలి మీద చెయ్యి వేసి. యూహెచ్ఎఫ్‌లో కేకలు, ఈలలు, ఎవరో కుక్క చేత కూడా మొరిగించారు. సుగుణకుమారి నవ్వింది. నవ్వుతుంటే స్పీడు నూట ఇరవై అయింది, నూట పాతిక అయింది, రోడ్డు ఎంత పొడుగున్నా సరిపోదనిపించింది, గిడియన్‌కి ఈ రోడ్డంటే ఎందుకంత ఇష్టమో కాళ్ళలోంచి తెలిసింది. ఎనిమిదో పాట, తొమ్మిదో పాట, ఇద్దరూ గొంతెత్తి పాడారు.

పదోది పాడుతుండగా రేడియో గరగరలాడటం మొదలుపెట్టింది. కొండలు అడ్డొస్తున్నాయి. ఫోన్‌లో సిగ్నల్ అసలే లేదు. ఇంకో ఐదు కిలోమీటర్లు పోతే ఏమీ వినబడదు. పోనీ అలాగే పోతే, అని ఒక్క క్షణం మనసు అంది. వినకుండానే అడిలైడ్ రివర్ చేరిపోవచ్చు, తప్పు ఆమెది కాదు, కొండలది. ఎవా ఆమెవైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది, అడగటం లేదు, అదే కష్టంగా ఉంది. ముందు లారీలు ఆపుకునే ఖాళీ స్థలం, అక్కడ అప్పటికే ఒక రోడ్ ట్రెయిన్ ఆగి ఉంది, తలుపు తీసి ఉంది, మెట్టు మీద ఎర్ర గడ్డం. సిగ్నల్ పోకుండా కెవ్ అక్కడే ఆగిపోయాడు. సుగుణకుమారి పాదం బ్రేకు మీద పడింది. బండి పక్కకు తీసింది, గీతల మధ్య నిలబెట్టింది, హ్యాండ్‌బ్రేకు వేసింది, ఇంజిను ఆపింది. వెనక నుంచి ఇంకో రెండు బళ్ళు వచ్చి ఆగాయి, బుస్సుమని బ్రేకుల గాలి, ఆ తర్వాత నిశ్శబ్దం. పదో పాట అయిపోయింది.

పదకొండో పాటలో ఇంజిను లేదు. గాలి, ఎక్కడో కాకి, కుర్చీ కిర్రుమనడం. అతని పుట్టినరోజుకి ఎవా కొనిచ్చిన చిన్న రికార్డరు మీద పాడాడు ఇది, ఫోన్ మీద కాదు. నెమ్మదిగా ఉంది పాట, ఇంగ్లీషులో, దూరం గురించి, ఎన్ని మైళ్ళు తోలితే మనిషి ఇల్లు చేరినట్టు అని అడుగుతున్నాడు. ఒక చరణం. రెండో చరణం. మూడోది మొదలెట్టి ఆగాడు. మళ్ళీ మొదలెట్టి ఆగాడు. మాట దొరకలేదు. అప్పుడు ఫోన్ మోగింది, పాటలోనే, ఆ ఫోన్ మోత ఆమెకి తెలుసు, ఆమె చేస్తే మోగే మోత అది. గిడియన్ స్పీకరు నొక్కి ఫోన్ ఎత్తాడు. దేశమంతా వింటున్న రేడియోలో ఆమె గొంతు.

“ఎక్కడున్నారు? తిన్నారా?”

“తింటాలే.”

“తింటాలే కాదండి, తిన్నారా లేదా? బెండకాయ వేపుడు పెట్టాను, మెత్తబడిపోద్ది.”

“పాట ఆగిపోయిందే సుగుణా. ఆఖరి ముక్క రావట్లేదు.”

“మీకు రాకపోడమేంటి, అదే వస్తది. ముందు తినండి. తినేసి పాడుకోండి. నాకు డ్యూటీకి టైమైంది, పెట్టేస్తున్నా.”

రెండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి, ఎవాకీ చెప్పలేదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు బెండకాయ గురించి మాట్లాడాను, కసిరి ఫోన్ పెట్టేశాను. మంచి మాట ఒక్కటి లేదు. అతని సామాన్లు తెచ్చి ఇచ్చినప్పుడు బట్టలున్నాయి, బైబిలుంది, గిటారుంది, క్యారేజీ లేదు. ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. తిన్నాడో లేదో. వార్డులో ఎవరైనా పేషెంటు పళ్ళెం ముట్టుకోకుండా వెనక్కి పంపితే ఆమె మెట్ల కిందకి వెళ్ళి నిలబడేది కాసేపు. తిన్నాడో లేదో, ఖాళీ కడుపుతో పోయాడో.

రేడియోలో క్యారేజీ మూత తీసిన చప్పుడు. స్టీలు గిన్నె. తర్వాత, ఎవా ఒక్క ముక్క కూడా కొయ్యకుండా ఉంచేసింది, మనిషి అన్నం తింటున్న చప్పుడు. నిమ్మళంగా, హాయిగా, ముక్కు ఎగబీలుస్తూ, మిరపకాయ కొరికినట్టున్నాడు. వేపుడు బానే ఉంది అని తనలో తాను అనుకున్నాడు. నీళ్ళు తాగాడు. తేన్చాడు. గిటారు తీసుకున్నాడు. ఇక ఆగలేదు. మూడో చరణం తెలుగులో వచ్చింది, ఎక్కడా తడుముకోకుండా, గొంతు నిండుగా, అన్నం తిన్న గొంతు.

‘ఎంత దూరమని అడగదు నా ఇంటిది,
తిన్నారా అని అడుగుతాది.
ఎర్రమట్టి దారి ఎంత పొడుగున్నా
ఆ మాట వినబడ్డ కాడే నా ఇల్లు.’

నాలుగుసార్లు పాడాడు, నాలుగోసారి నవ్వుతూ పాడాడు, ఆ నవ్వు మీదే ఆగిపోయింది.   సుగుణకుమారి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపనుకుంది, కాదు, నవ్వు, కడుపులోంచి, పక్కటెముకలు కదిలేలా, కళ్ళవెంట నీళ్ళు కారుతూ నవ్వు. ఎవా భయంభయంగా చూస్తోంది.

“సారీ అమ్మా. ఐ కుడ్న్ట్ కట్ ఇట్.”

“కొయ్యకూడదే. మంచి పని చేశావు అమ్ములూ. తిన్నారే మీ నాన్న. నా వేపుడు తిన్నారు.”

కిటికీ దగ్గరికి కెవ్ వచ్చి నిలబడ్డాడు, టోపీ చేతిలో. వెనక బళ్ళ డ్రైవర్లు ఇద్దరూ దిగారు, దగ్గరికి రాకుండా దూరంగా ఆగారు.  ఆ ఫోన్‌లో నువ్వు అతన్ని ఏమడిగావు, మాకెవరికీ అర్థం కాలేదు, వారం రోజులుగా హైవే మీద అందరూ అదే అడుగుతున్నారు, మీ అమ్మాయేమో అమ్మనే అడగండి అంటుంది అన్నాడు. పది మాటలు దాటేసింది ఆయన ఇవాళ్టి కోటా. అన్నం తిన్నావా అని అడిగాను అంది సుగుణకుమారి. కెవ్ కిటికీ మీదికి వంగి, “అండ్ డిడ్ హీ?” అని అడిగాడు.

ఆమె యూహెచ్ఎఫ్ మైకు చేతిలోకి తీసుకుంది. బొత్తాం ఎక్కడుందో ఎవా చూపించింది. కొండకి ఇటూ అటూ, వినబడేంత దూరం ఉన్న ప్రతి బండికీ వినబడాలని గట్టిగా, తన నర్సాపురం ఇంగ్లీషులో, ఏ ముక్కా సాపు చెయ్యకుండా చెప్పింది. నేను గిడియన్ భార్యని. అన్నం తిన్నాడా అని అడిగాను. తిన్నాడు. కడుపు నిండా తిని పాడాడు.

ఒక్క క్షణం గరగర. తర్వాత దూరంగా, ఎక్కడో కొండ అవతల నుంచి ఒక ముసలి గొంతు, “గుడ్ ఆన్ హిమ్,” అని శభాష్ అన్నట్టు అంది. ఆ వెంటనే మూడు బళ్ళ హారన్లూ ఒక్కసారిగా లేచాయి, నల్లటి గడ్డి మీంచి గద్దలు చెదిరి ఎగిరాయి, అద్దాలు అదిరాయి, అయినా ఆ చప్పుడు ఆగకపోతే బావుండుననిపించింది. ఆగాక ఆమె మొహం తుడుచుకుని తాళం తిప్పింది.

“పద. ఆకలేస్తోంది నాకు,” అంది ఎవాతో.

ముందు కెవ్ బండి కదిలింది, మెల్లిగా, యాభై మీటర్లూ ఒక్కొక్క ట్రైలరే రోడ్డెక్కుతూ. దాని వెనక తెల్ల యూట్. దాని వెనక మిగతా రెండూ. అడిలైడ్ రివర్ ఇంకా ఇరవై కిలోమీటర్లు.